ముక్కుకు గుడ్డ

డబ్బాలో పుట్టీ కలుపుతూ పెయింటరు మాటిమాటికీ ఆగుతున్నాడు. ఆగినప్పుడల్లా చూపు గోడ మీదికి పోతోంది. అక్కడ తమ్ముడు ఎమరీ కాగితంతో పాత రంగు గీకుతున్నాడు. తెల్లటి దుమ్ము వాడి కనుబొమల మీద, మీసాల మీద పిండిలా దిగుతోంది. ముక్కుకు గుడ్డ లేదు.

ఎందుకుంటుంది? పనిలో చేరిన కొత్తలో వాడు బుద్ధిగా గుడ్డ కట్టుకొస్తే, "ఏంట్రా, కొత్త పెళ్లికూతురిలా ఆ ముసుగేంటి?" అని అందరి ముందూ ఎగతాళి చేసింది ఈయనే. అది వాడికి మారుపేరైపోయింది. పెళ్లికూతురు! వాడు గుడ్డ విప్పేశాడు, మళ్లీ కట్టలేదు.

ఇప్పుడు ఈయన ఊపిరితిత్తుల్లో క్యాన్సరు. దుమ్ము వల్లేనా అని అడిగితే డాక్టరు, "ఇదీ అని చెప్పలేం" అన్నాడు. డాక్టరు చెప్పకపోతేనేం, తన తీర్పు తనే చెప్పేసుకున్నాడు. పక్క మీద వాలితే చాలు, ఇన్నేళ్లు బతికి ఏం మిగిల్చానన్న దిగులు గుండెల మీద కూర్చుంటుంది. తను వేసిన రంగులన్నిటి మీదా ఈపాటికి ఇంకెవరో రంగు వేసేసే ఉంటారు. మిగిలింది తమ్ముడొక్కడే. తన ఎకసెక్కం వాడి ఛాతీలోకి కూడా పోయిందేమోనని తలుచుకుంటే ముద్ద దిగదు. పడుకోవయ్యా మగడా అని భార్య మొత్తుకుంటున్నా ఇవాళ పనికొచ్చింది అందుకే.

"గుడ్డ కట్టుకోరా," అన్నాడు.

"ఎందుకన్నయ్యా, ఇంత చిన్న గోడకి?"

"కట్టుకోమన్నానా!"

"నువ్వెప్పుడైనా కట్టుకున్నావా?" వాడు నవ్వాడు. "నలుగురూ పెళ్లికూతురంటారు."

ఆ నవ్వుకు ఆయనకు ఒళ్లు మండింది, వెంటనే ఏడుపొచ్చింది. గోడ పట్టుకుని లేచాడు. భుజం మీది తువ్వాలు దులిపి, మడిచి, తమ్ముడి ముక్కూ నోరూ కప్పి వెనక ముడి వేయబోయాడు. వేళ్లలో పట్టు లేదు, ముడి జారిపోతోంది. అంత పొడుగు తమ్ముడూ మోకాళ్లు వంచి తల అందించాడు.

"తప్పు నాదేరా. నలుగురిలో నిన్ను నవ్వులపాలు చేశాను. నాకేమైనా పర్లేదు, నీకు మాత్రం రాకూడదు."

"ఊరుకో అన్నయ్యా! నువ్వంటే నేను మానేయడమేనా? నాకుండొద్దూ బుద్ధి?" గుడ్డలోంచి వాడి గొంతు బొంగురుగా వచ్చింది.

"విప్పనని ఒట్టెయ్యి."

"నీ మీదొట్టు."

"నా మీదేంట్రా, నేనెన్నాళ్లుంటానని! నీ కూతురి మీద వెయ్యి."

"సరే, పాప మీదొట్టు. కూర్చో ఇంక."

స్టూలు మీదికి చేరి గోడకు వీపు ఆనించాడు. తప్పు ఒప్పుకుంటే బరువు దిగుతుందంటారు. దిగలేదు, కాస్త పక్కకు జరిగిందంతే. తమ్ముడు వీధి చివరి నుంచి టీ తెచ్చి పక్కన పెట్టి, మళ్లీ గోడకేసి తిరిగాడు. కాగితం చప్పుడు ఒకే తీరుగా సాగుతోంది. అది వింటూ ఆయన కళ్లు మూసుకున్నాడు.

గోడ సగమయ్యాక తమ్ముడు, "చల్లారిపోతోంది, తాగన్నయ్యా," అన్నాడు. దగ్గరకొచ్చి భుజం తట్టాడు. తల పక్కకు వాలింది. వాడు అక్కడే కూలబడి, గుడ్డ విప్పకుండానే వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఎవరూ ముట్టని టీ మీద మీగడ కట్టింది. ఆ మీగడ మీద గోడ దుమ్ము తెల్లగా, పల్చగా ఇంకా దిగుతూనే ఉంది.