క్లచ్ తొక్కిన కాలు

బ్రేకు ఫేలైందని చెప్పుకుంట తిరుగుతాన్రు మీరు. ఎనుమాముల మార్కెట్ తొవ్వ మీది టాక్సీ అడ్డ డ్రైవర్లారా, మిమ్ములనే అంటాన. బ్రేకు ఫేల్ కాలే. ఆ అంబాసిడర్ బ్రేకు ఇయ్యాల్టికి మంచిగనే ఉన్నది, అనుమానముంటె పోయి తొక్కి చూడున్రి. ఒక ఆడమనిషి కాలు మీద నడిచే బండి అది. ఆమెను దించిన్రు. దించినంక జరిగిన పాపాన్ని మళ్ళ ఆమె నెత్తి మీదనే పెట్టిన్రు. సిగ్గు మీకు ఉండాలె. ఆమె ఇంట్ల మొఖం దాసుకొని కూసున్నది.

నేను రాజక్కను. మార్కెట్ల మిర్చి తొడిమెలు తీసే ఆడోళ్ల సంఘం నాది. ఏమైందో తెల్వనోళ్లకు ఈ కాయితంల మొదటి నుంచి చెప్త. అడ్డోళ్లు గూడ వినున్రి, మీకు తెలిసింది సగమే.

అబ్బాస్ నలభై దాటిన మనిషి, మంచి డ్రైవరు. ములుగు తొవ్వల ఏ గుంత ఎక్కడున్నదో కండ్లు మూసుకొని చెప్తడు. బండి సొంతదే, పాత అంబాసిడర్, తెల్లరంగు పసుప్పచ్చకు తిరిగింది. దాని ముందటి సీటు ఒక్కటే పొడుగు బెంచీ లెక్క ఉంటది. గేరు రాడ్డు స్టీరింగు కిందనే, ఎడమ దిక్కు ఉంటది. ఈ రెండు ముచ్చట్లు యాదిల పెట్టుకోన్రి.

పోయినేడు వానకాలం ములుగు అడివిల టైరు మారుస్తాంటె జాకీ జారింది. బండి వచ్చి అబ్బాస్ ఎడమ కాలు మీద పడ్డది. కట్టు కట్టించుకున్నడు, బొక్క అతికింది, గని పాదానికి పాణం రాలే. నడుస్తడు. ఈడ్చుకుంట నడిచి "బెణికింది" అంటడు. తొక్కమంటె మాత్రం ఆ పాదం తొక్కదు. కారుకు ఎడమ కాలు ఎందుకని మీ ఇండ్లల్ల ఆడోళ్లు అడుగుతరేమో, చెప్పున్రి. కుడి కాలుకు బ్రేకు, ఎక్సలేటర్. ఎడమ కాలుకు ఒక్క క్లచ్చే. ఆ ఒక్కటి తొక్కకుంటె గేరు సక్కగ పడదు. బండి ఆపితె ఇంజను సస్తది. గేర్లనే ఉంచి సెల్ఫ్ కొడితె బండి ఎగిరి దుంకుతది.

ఆ ఎడమ కాలు ఆయనకు దిల్షాద్ అయింది. దిల్షాద్ బేగం, ఆయన పెండ్లాం.

మార్కెట్ బందున్న దినం, యార్డుల కుక్కలు తప్ప ఎవలు లేని దినం, ఆమెను పక్కకు కూసోబెట్టుకొని నేర్పిండు. మొగడు స్టీరింగు ముందట, ఆమె ఆ పొడుగు సీటు నడుమ. ఆమె కుడి కాలు క్లచ్ మీద. "దబా" అంటె తొక్కాలె, "ఛోడ్" అంటె ఇడువాలె. మొదట్ల గేర్లు పండ్లు కొరికినట్టు కరకర అరిచినయట. అడ్డ మీద క్లీనరు పోరడు గట్ల అరిపిస్తె ఉస్తాదు నెత్తి మీద ఒక్కటి ఇస్తడు. ఆమెను ఆయన ఏమనలే. అనే మొఖం ఆయనకు లేకుండె. తల అటు తిప్పుకొని "ఫిర్ సే", మళ్ళొకసారి, అనేటోడట, అంతే.

రాను రాను ఆయన నోరు తెరిసే పని లేకపోయింది. ఇంజను గొంతు మారంగనే ఆమె కాలు కదిలేది. తర్వాత రాడ్డు గూడ ఆమె చేతిలకే వచ్చింది. ఆయన స్టీరింగు పట్టి బ్రేకు చూసుకునేది. ఇద్దరు కలిస్తె ఒక డ్రైవరు. అందుల పెద్ద పాలు ఆమెది.

బయటికి మీకు ఏం కనవడ్డది? ఏ కిరాయికి పోయినా మొగనికి అతుక్కొని కూసున్న బుర్ఖా మనిషి. ఇగ మీ నోళ్లకు మేత దొరికింది.

"అబ్బాస్ భాయ్, భాభీ నిన్ను ఒక్కన్ని ఇడిసిపెట్టదా?" అడ్డకు పెద్ద అనిపించుకునే భాస్కర్ అందరి ముంగట అడిగిండు. "ములుగుల ఎవలనన్న ఉంచుకున్నవా ఏంది?"

"ఏం జెయ్యాలె భాస్కర్. దానికి అనుమానం రోగం."

అన్నది అబ్బాసే. నవ్వుకుంట అన్నడు. దిల్షాద్ అప్పుడు బండిలనే ఉన్నది, అద్దం దించే ఉన్నది. ఆ దినం నుంచి అడ్డ మీద ఆమె పేరు అనుమానం బేగం. చాయ పోసేటోడు గూడ గట్లనే పిలిచిండు. తన కాలు సచ్చిందని చెప్పుకునుడు సిగ్గు. పెండ్లానికి రోగమున్నదని చెప్పుడు సిగ్గు గాదు. ఇది ఎక్కడి లెక్కనో నాకు తెల్వది.

నాకు ఎట్ల తెలిసింది అంటె, ములుగుల సంఘం మీటింగు ఉండె. మేము ఆడోళ్లం ఎనుక సీట్ల ఇరుక్కొని కూసున్నం. ఎత్తు ఎక్కేటప్పుడు చూసిన. దిల్షాద్ భుజం కిందికి పోతాంది, గేరు పడుతాంది, భుజం పైకొస్తాంది. ప్రతిసారి గట్లనే. చాయకు ఆపినప్పుడు ఆమెను పక్కకు తీసుకపోయి అడిగిన.

"దిల్షాద్, బండి ఎవలు నడుపుతాండ్లు?"

ఆమె చెప్పులు సీటు కిందనే ఉన్నయి, ఉత్త కాళ్ల మీద వచ్చింది.

"ఎవలకు చెప్పకు అక్కా. నా పాదం కింద ఉన్నది పెడలు గాదు, ఆయన ఇజ్జత్, పరువు. జర గట్టిగ తొక్కితె పలుగుతది."

"మరి నీ ఇజ్జత్?"

"నాది బుర్ఖాల ఉన్నదనుకుంటాండ్లు గద అందరు." నవ్వింది. "పోదాం పా, మీ మీటింగుకు ఆలస్యమైతది."

చెప్పనని మాట ఇచ్చిన. ఇప్పుడు రాస్తాన అంటె, ఇదంత అయినంక ఆమెనే రాయమన్నది కాబట్టి.

ఈ మిర్చి సీజన్ల మీరు ఒక కొత్త కట్టుబాటు పెట్టిన్రు. ముందు సీటు కిరాయి ఇచ్చే పార్టీదట, ఇంటోళ్లు ఎక్కొద్దట. అడ్డల మిగతా ఎవని పెండ్లాం ఎక్కుతాందని? ఆ కట్టుబాటు ఒక్క దిల్షాద్ కోసం పెట్టిన్రు. నవ్వుకుందామని పెట్టిన్రు.

ఆ పొద్దు గట్టయ్య అని ములుగు దిక్కు రైతు, మిర్చి అమ్ముకొని ఇంటికి పోతాండు, ముసలాయన. భాస్కర్ బండి తలుపు తీసి పట్టుకున్నడు.

"దిగు భాభీ. పెద్దాయన ముందట కూసుంటడు. అబ్బాస్ పారిపోడు, నాది జిమ్మా, నేను చూసుకుంట."

అందరు నవ్విన్రు. గట్టయ్య "నేను ఎనుక కూసుంటగని తియ్యి బిడ్డా" అన్నడు. ఎవలు వినలే.

దిల్షాద్ మొగని దిక్కు చూసింది. అబ్బాస్ ఒక్క మాట చెప్తె అయిపోతుండె. భాస్కర్, నాకు కాలు లేదు, ఆమెనే నా కాలు అని. నోటి దాక వచ్చిందో రాలేదో ఆయనకే ఎరుక. వచ్చింది మాత్రం ఇది.

"దిగు. ఎన్నిసార్లు చెప్పాలె ఎంట రాకుమని."

"గేరు ఎట్ల?" ఆమె మెల్లగ అన్నది.

"దిగు అంటాన గద."

దిగింది. గట్టయ్య ఎక్కిండు.

అబ్బాస్ గేర్లనే సెల్ఫ్ కొట్టిండు. బండి కప్ప లెక్క దుంకి కదిలింది. మీరు ఈలలు కొట్టిన్రు. "పెండ్లాం లేకపోతె బండికి గూడ మనసైత లేదు" అన్నడు ఎవడో. పాత చెయ్యి కాబట్టి ఇంజను గొంతు పట్టుకొని క్లచ్ లేకుండనే నడిపిండు, గని ఎంత దూరం? మార్కెట్ గేటు కాడ మిర్చి బస్తాల ఎడ్లబండి అడ్డమొచ్చింది. అబ్బాస్ బ్రేకు తొక్కిండు. మంచిగ తొక్కిండు, బండి ఆగింది. ఇంజను సచ్చింది. ఎనుక లారీలోడు హారను మోతెక్కిస్తాండు.

ఆ ఎడ్లబండికి, కారుకు నడుమ మా సంఘం మొగిలమ్మ ఉన్నది. బస్తా చినిగి రాలిన కాయలు వంగి ఏరుతాంది. బానెట్ ఎత్తుకు అబ్బాస్‌కు కనవడలే. లారీ హారనుకు ఆగమై మళ్ళ గేర్లనే సెల్ఫ్ కొట్టిండు. కారు దుంకి మళ్ళ సచ్చింది. మొగిలమ్మ కాలు కారు బంపరుకు, ఎడ్లబండి గిల్లకు, ఆ కట్టె చక్రానికి, నడుమ ఇరికింది.

నేను గేటు కాడనే ఉన్న. మొగిలమ్మ అరుపు ఇప్పటికి నా చెవుల్ల ఉన్నది. హమాలీలు ఉరికొచ్చి కారును ఎనుకకు గుంజిన్రు. బస్తాలు మోసే మొగోళ్లు, వాళ్లతోని గాలే. గేర్ల ఉన్న బండి ఊకెనే కదులుతదా? గేరు తియ్యమని అబ్బాస్‌ను మొత్తుకుంటాండ్లు. ఆయన రాడ్డును రెండు చేతుల గుంజుతాండు. బిగుసుకున్నది. క్లచ్ తొక్కాలె.

అప్పుడు అందరు చూసిండ్లు. అబ్బాస్ తన పైజామను మోకాలి కాడ పట్టుకొని, ఎడమ కాలును రెండు చేతుల లేపి, కట్టె మొద్దును పెట్టినట్టు పెడలు మీద పెట్టిండు. జారింది. మళ్ళ పెట్టిండు. మళ్ళ జారింది. అడ్డ నుంచి ఉరికొచ్చిన మీరందరు కిటికీ కాడ నిలబడి ఉన్నరు. ఈలలు లేవు.

దిల్షాద్ కారు ఎంబడే ఉరికొచ్చింది. ఎడమ తలుపు గుంజింది. "దిగు పెద్దయ్యా" అన్నది. గట్టయ్య దిగంగనే లోపలికి జరిగి, చెప్పులు ఇడిసి, కాలు క్లచ్ మీద పెట్టి అణగదొక్కింది. రాడ్డు ఒక్క చేత్తోని న్యూట్రల్‌కు తెచ్చింది.

"ఇగ నూకున్రి."

నూకంగనే కారు ఎనుకకు పోయింది. మేము మొగిలమ్మను గుంజుకున్నం.

ఆమె ఇంజను లేపింది, మొగిలమ్మను ఎనుక సీట్ల పండబెట్టమన్నది. ఇద్దరు ఎప్పటి లెక్క తోలుకపోయేటోళ్లే. భాస్కర్ వచ్చి తలుపు పట్టుకున్నడు. "దిగు భాభీ, ఇది ఆడోళ్ల పని గాదు. నేను తీస్త." అబ్బాస్‌ను సంకల చెయ్యి పెట్టి దించిండు, ఆమెను చేత్తోని దిగుమని సైగ చేసిండు. దవాఖానకు తోలుకపోయిండు. మంచిగనే తోలిండు, కాదన. గని దవాఖానల అందరు శెబాష్ అన్నది భాస్కర్‌ను.

తెల్లారి నుంచి రెండు మాటలు లేపిన్రు. పోలీసులకు ఒకటి, బ్రేకు ఫేలైందని. అబ్బాస్ లైసెన్సు పోవద్దని చెప్పినమంటరు. సరే అనుకుందాం. మరి అడ్డ మీద చెప్పుకునేది ఏంది? ఆడది గేరు ముట్టుకున్నది, గందుకే గిట్లయిందని. ఆమె ముట్టుకోకుంటె మొగిలమ్మ ఇంకా ఆ గిల్లకే ఇరికి ఉండేది.

నేను వాళ్ల ఇంటికి పోయిన. అబ్బాస్ గోడ దిక్కు మొఖం పెట్టి కూసున్నడు. దిల్షాద్ బియ్యంల రాళ్లు ఏరుతాంది.

"అబ్బాస్ భాయ్, బ్రేకు ఖరాబైందా?"

"కాలే" అన్నడు.

"మరి అడ్డ మీద చెప్పరాదు?"

"చెప్తె ఏమంటరు అక్కా. లంగడా అంటరు, కుంటోడంటరు. పెండ్లాం నడిపితె బతికిండంటరు."

"ఇప్పుడేమంటాండ్లు?"

"ఇప్పుడు నన్నేమంటలేరు. ఇప్పుడు ఆమెను..."

అక్కడ ఆగిండు. తన మాట తనకే వినవడ్డది. దిల్షాద్ చాటలకెల్లి తల ఎత్తలే, గని చెయ్యి ఆగింది. అబ్బాస్ మోకాళ్ల నడుమ తల పెట్టుకున్నడు. అంత పెద్ద మనిషి సిగ్గుతోని ముడుసుకుంటె చూసుడు కష్టం. నేను ఓదార్చలే. ఆ సిగ్గు ఆయన పడాల్సిందే, ఇంకా ముందుగాల పడాల్సింది.

తొవ్వల దవాఖానకు పోయిన. మొగిలమ్మ కాలుకు పట్టీ, పైకి కట్టి ఏలాడదీసిండ్లు. జరిగింది చెప్పిన.

"అయితె నా మీదికెల్లి కారు తీసింది దిల్షాదా? భాస్కర్ అంటాండ్లు గద."

"దిల్షాదే."

"నా కాలు ఇరిగింది, ఆ అబ్బాస్‌ది సచ్చింది. మా ఇద్దరికన్న ఆమె కాలు నయం గద. మరి ఆమెను ఇంట్ల కూసోబెట్టి వీళ్లు ఏం జేస్తాండ్లు?"

అదే నేను అడుగుతాన. బండి అడ్డ మీద దుబ్బ పట్టి ఉన్నది, తాళంచెవి ఆ దినం సంది భాస్కర్ జేబులనే ఉన్నది. టైర్ల గాలి దిగుతాంది. ఆ ఇంట్ల పొయ్యి ఎన్ని దినాలు మండుతది? అబ్బాస్ మళ్ళ నడుపలేడు, నడుపొద్దు. నడుపగలిగేది ఆమెనే, స్టీరింగు నాలుగు దినాల్ల వస్తది. మీ అడ్డల ఎవని పెండ్లానికన్న, ఎవని బిడ్డకన్న ఇంజను గొంతు వింటె గేరు ఏదో తెలుస్తదా? ఆమెకు తెలుస్తది. తెలిసినామెను మీరు నవ్వుకుంట దించిన్రు.

అబ్బాస్ భాయ్, ముందు నువ్వు. ఆ కాలు ఈడ్చుకుంటనే అడ్డకు రా. నీ పెండ్లానికి అనుమానం రోగం లేదని, నీ బండి నడిపింది ఆమెనని, ఏ నోటితోని నవ్వుకుంట అన్నవో ఆ నోటితోనే చెప్పు. పోలీసులకు గూడ నిజం చెప్పు. లైసెన్సు పోతె పోనియ్యి.

భాస్కర్, నువ్వు అడ్డకు పెద్దవు గద. ఆ కట్టుబాటు తీసెయ్యి. లైసెన్సు ఆఫీసుకు ఆమెను నువ్వే తోలుకపో. పక్కకు కూసో, ఆమె నడుపుతది, చేతులు ముడుసుకొని చూడు. మీరంత ఆమె బండికి గాలి కొట్టున్రి, దుబ్బ తుడువున్రి, వరుసల జాగ ఇయ్యున్రి. ముందు సీట్ల ఎడమ దిక్కు ఎవలు కూసుంటరని అడిగితె అబ్బాస్ కూసుంటడని చెప్పున్రి. ఇంటోళ్లయితె ఏంది?

ఇంక దినాలు చూడకున్రి. ఆమె మీద అన్న మాట ఎనుకకు తీసుకొని, ఆమె ఇంటికి పోయి, తాళంచెవి ఆమె చేతిల పెట్టున్రి.