మోరీ మూతల మీద కూర్చున్న గల్లీ

మహీధర్ పేరు వింటే చాలు, దుర్గేష్‌కు నోరు చేదెక్కుతుంది. ఎక్కదా మరి? సున్నంబట్టి గల్లీ సంఘానికి అధ్యక్షుడు ఆ మనిషే. గల్లీ మొగదలున్న దుర్గేష్ నల్లాల దుకాణాన్ని జేసీబీ కూలుస్తుంటే, గొడుగేసుకొని నిలబడి "ఇంకో అడుగు లోపటికి తీస్కో" అని డ్రైవరుకు చెయ్యి చూపిందీ ఆ మనిషే. తండ్రి పదమూడున్నర గజాల్లో కట్టిన దుకాణం. ఏడో తరగతిలో బడి మానేసి దుర్గేష్ కూర్చున్న దుకాణం. పావుగంటలో ఇటుకల కుప్పయింది.

"రోడ్డు నలభై అడుగులు గావాలె దుర్గేష్. పద్నాలుగంతస్తులు లేస్తున్నయ్. జర సమజ్ చేస్కో," అన్నాడు మహీధర్. వాటిలో ఒక ఫ్లాటు ఆయనదేనని గల్లీ అంతటికీ తెలుసు.

అయినా దుర్గేష్‌ను నిలవనీయనిది అది కాదు. ఈ పనికి తన చేతులు కూడా సాయం పట్టాయి.

ఎండాకాలంలో సర్వేవాళ్లు వచ్చారు. ఆబిడ్స్ రోడ్డు వెనక, రెండంతస్తులు దాటి కట్టకూడని ఈ ఇళ్ల మధ్య పెద్ద బిల్డింగులు లేస్తే నీళ్లూ మోరీలూ తట్టుకుంటాయా లేదా అని చూసి రాసుకోవడానికి. "సార్లు వస్తున్నరు, గల్లీ ఇజ్జత్ కాపాడాలె," అని మహీధర్ గడపగడపకూ చెప్పాడు. గల్లీ పెళ్లికి తయారైనట్టు తయారైంది. మోరీల వెంట సున్నం చల్లారు. నల్లా వచ్చేదే రోజు విడిచి రోజు, నలభై నిమిషాలు. స్నానాలు మానుకొని ఆ నీళ్లు డ్రమ్ముల నిండా పట్టిపెట్టారు. దుర్గేష్ ముందురోజంతా వెదురుబద్దతో పొడిచి పొడిచి ఏడు మ్యాన్‌హోళ్లూ సాఫ్ చేశాడు. గల్లీకి పెద్దదిక్కు విద్యావతమ్మ చాయ్‌తో ఉస్మానియా బిస్కెట్లు పెట్టింది.

వాళ్లు తిన్నారు, తాగారు, చూసింది రాసుకున్నారు. మోరీలు బాగున్నాయి. నీళ్లు సమృద్ధిగా ఉన్నాయి. పెద్ద బిల్డింగులు కట్టుకునేటట్టు గల్లీ జోన్ మారిపోయింది.

కూలిన దుకాణం ఇటుకల మీదే మీటింగు పెట్టుకున్నారు. మిషన్ బడిలో లెక్కలు చెప్పే జిప్పోరా టీచర్ ఆ రిపోర్టు చదివి వినిపించింది.

"డ్రమ్ములు నిండుగున్నయని రాసిన్రా? స్నానాల్లేక మేం గబ్బు కొట్టినమని రాయలేదా?" అంది విద్యావతమ్మ. అందరూ నవ్వారు. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

"తప్పు నాది. ఆ గబ్బు దాచింది నేనే," అన్నాడు దుర్గేష్.

"సున్నం నేను చల్లలే? నీ ఒక్కనిదెట్లయితది అన్నా?" అంది జిప్పోరా. "ముప్పై ఎనిమిది ఇండ్లకే ఆరంగుళాల మోరీ పైపు. రెండొందల ఫ్లాట్లు దాని మీద పడితే?"

"పైపు సంగతి నాకెరుక టీచరమ్మా. మన వంటింట్లకు తన్నుకొస్తది."

వచ్చే మంగళవారం రెండో తనిఖీ. టవర్ల పర్మిషన్‌కు ముందు అదే ఆఖరిది.

"ఈసారి ఎవ్వరూ ఏదీ ముట్టొద్దు," అన్నాడు దుర్గేష్. "ఉన్నదున్నట్టు సూస్తరు."

"పరాయోళ్ల ముందట ఇజ్జత్ పోతది కదనే?" అన్నాడు టైలర్ బబ్లూ.

"ఇల్లే పోయినంక ఇజ్జత్ ఏడ పెట్టుకుంటవ్‌రా? మిషిను మీదనా?" విద్యావతమ్మ గొంతు లేచింది. బబ్లూ తలూపాడు.

మంగళవారానికి నాలుగు వానలు పడ్డాయి. మోరీలు పొంగి గల్లీలో నల్లనీళ్లు చీలమండల దాకా నిలిచాయి. పొద్దున్నే మహీధర్ మోరీలు కడిగే జెట్టింగ్ లారీని వెంటేసుకొని వచ్చాడు.

"జరుగుండ్రి! సారొచ్చే యాళ్లయింది!"

విద్యావతమ్మ ఇంట్లోంచి స్టూలు తెచ్చి మొదటి మూత మీద వేసుకొని కూర్చుంది. రెండో మూత మీద జిప్పోరా. ఏడు మూతలు, ఏడు గుంపులు. ముక్కులకు కొంగులు కట్టుకున్నారు గానీ ఒక్కరూ లేవలేదు.

"పిచ్చి లేసిందా మీకు? మోరీని కాపలా కాస్తున్నరా?"

"ఔ, కాస్తున్నం. నీకంటే గదే నిజం జెప్తది!" అంది విద్యావతమ్మ.

మహీధర్ లారీ డ్రైవరు మీద విరుచుకుపడ్డాడు. డ్రైవరు తల బయటపెట్టి ఆడవాళ్లను చూశాడు. "మాదీ గిసుంటి గల్లీనే సాబ్," అని ఇంజను ఆపేశాడు.

ఆఫీసరు వచ్చి గల్లీ మొగదలే ఆగిపోయాడు. దుర్గేష్ ఆయన ముందుకెళ్లి నల్లా తిప్పాడు. గాలి తప్ప ఏమీ రాలేదు.

"ఆనాడు సాఫ్ చేసింది నేనే సారూ. అప్పటి సాఫ్ అంతా అబద్ధం. బూట్లు తడిస్తే తడిశినయ్, లోపటికి రా. గిప్పుడు రాయి."

ఆఫీసరు రాయలేదు, ఫోను తీశాడు. పోలీసులొచ్చి, ప్రభుత్వ విధులకు అడ్డం వచ్చాడని దుర్గేష్‌ను జీపెక్కించారు. జీపు నాంపల్లి స్టేషన్ చౌరస్తా దాటేసరికి వెనక గల్లీలో సగం జనం నడిచి వస్తున్నారు. మిగతా సగం మూతల మీదే ఉన్నారు. ఆ రోజు తనిఖీ జరగలేదు.

పోలీస్ స్టేషన్ గుమ్మంలో బురదకాళ్లు నిండిపోయాయి.

"లీడరెవరు?" అన్నాడు ఎస్సై.

"నేను," అంది విద్యావతమ్మ. "నేను సార్," అన్నాడు బబ్లూ. "నా పేరు రాస్కోండి, జిప్పోరా." వెనక నుంచి ఇంకో గొంతు, ఇంకో గొంతు.

ఎస్సై దుర్గేష్ వైపు తిరిగాడు. "వాళ్లకు ఇండ్లున్నయి, కొట్లాడుతున్నరు. నీకేం పోయిందని ముందటవడ్డవ్?"

దుర్గేష్ వెనక్కి తిరిగి గుమ్మం వైపు ఒకసారి చూసుకున్నాడు.

"అది గూడ రాస్కో సారూ. పదమూడున్నర గజాలు."