పప్పు గుండిగ మీది పానా

నేను ఒక పైపు పానాని. మూరెడు పొడుగు, రెండు దవడలు, వాటి నిండా పళ్లు. పట్టుకోవడం, కరవడం, మెలిపెట్టడం, నాకు వచ్చిన విద్యలు ఇవే. మనుషుల్లో పళ్లు కొరికేవాణ్ని కోపిష్టి అంటారు, నన్ను మాత్రం పనికొచ్చేవాడంటారు. నా పుట్టుకే దెబ్బలతో మొదలైంది. ఉత్తరాదిన ఏదో కార్ఖానాలో నన్ను ఎర్రగా కాల్చి, సమ్మెటతో బాది, పళ్లు కోసి, నూనెలో ముంచితే బుస్సుమని అరిచాను. అలా పుట్టినవాడికి మెత్తదనం ఎక్కణ్నుంచి వస్తుంది చెప్పండి!

నన్ను కొన్నది ఒంగోలు ప్లంబరు సుభాని. అతని చేతిలో నేను లెక్కలేనన్ని మెడలు విరిచాను, పైపుల మెడలే లెండి. ఊరి శివార్లలో కొత్తగా వెలసిన ప్రశాంతి నగర్‌కు నీళ్ల లైను వేసింది మేమిద్దరమే. ఆ పేరు పెట్టినవాడెవడో గాని, వాడికి నీళ్లు పట్టుకునే పని ఎన్నడూ పడి ఉండదు.

ఆ కాలనీకి రెండు వీధులు. ఒకటి మెరక, ఒకటి పల్లం. రెంటికీ మధ్య నేలలో ఒక గొయ్యి, గోతిలో వాల్వు, పైన మూతగా కడప బండ. మునిసిపాలిటీ మంచినీళ్లు రోజు విడిచి రోజు పొద్దున్నే గంటసేపు వస్తాయి. ముందు మెరక వీధివాళ్లు పట్టుకుంటారు, ఆ తర్వాత వాల్వు తిప్పితే పల్లం వీధికి పోతాయి. తక్కిన వేళల్లో అందరికీ బోరు నీళ్లే గతి. ఆ నీళ్లతో సబ్బు నురగ రాదు, టీ పెడితే పాలు విరుగుతాయి, ఎంత తోమినా బిందె అడుగున తెల్లటి పొర పోదు. కందిపప్పయితే పొద్దుటి నుంచి పొయ్యి మీద ఉన్నా రాళ్లల్లే కళ్లురిమి చూస్తుంది.

అసలు బోరుకు వేరే పైపు వేయాలి. ఖర్చు దండగని కాలనీవాళ్లంతా కూడబలుక్కుని, రెండు నీళ్లనూ ఒకే పైపులోకి వదలమన్నారు. వాళ్లంతా ఒక్క మాట మీద నిలబడింది ఆ ఒక్కసారే. సుభాని కూడా "ఏ నీళ్లయితే ఏందిలే, పోయేది పైపులోంచేగా" అంటూ నన్ను బిగించి తిప్పి, రెంటినీ కలిపేశాడు.

కాలనీ ప్రెసిడెంటు పరంధామయ్య తాలూకాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. మెరక వీధిలో మొదటి ఇల్లు ఆయనదే. వాల్వును ఎవరు పడితే వాళ్లు తిప్పుతున్నారని దాని చక్రం ఊడదీయించి, సుభాని దగ్గర నన్ను తీసుకున్నాడు. చక్రం లేని వాల్వుకు నా పళ్లే దిక్కు. ఇక నేను పానాని కాదు, రాజదండాన్ని! నీళ్ల రోజున ఆయన నన్ను భుజాన వేసుకుని వస్తుంటే జనం దారి ఇచ్చేవాళ్లు. దసరాకు నాకు బొట్టు పెట్టి, నిమ్మకాయ కోసేవాడు. ఆఫీసులో ఫైళ్ల మీద చూపిన పెత్తనమంతా నా పిడి పట్టుకుని చూపించేవాడు పాపం.

పల్లం వీధి చివర రవణమ్మ కర్రీ పాయింటు ఉంది. ఆమె పప్పు కోసం బైపాసు అవతలి నుంచి కూడా మనుషులు వచ్చేవాళ్లు. గుండిగలో పప్పుగుత్తి వేసి తిప్పుతుంటే ఆమె కుడి మణికట్టు ఆడే తీరు చూడాలి. వంటకు మంచినీళ్లు తప్ప ముట్టదు. నీళ్ల రోజున డ్రమ్ములన్నీ నింపుకుంటేనే ఆమె పొయ్యి వెలిగేది. ఆమె భర్త మాల్యాద్రి ఆటో తోలతాడు. మనిషి వెన్నే గాని, కోపం మాత్రం ముక్కు మీదే ఉంటుంది.

రాను రాను పల్లానికి నీళ్లు తగ్గాయి. వేలెడు లావు ధార దారంలా సన్నబడింది. వాల్వు కూడా నా పళ్లకు లొంగకుండా మొరాయించసాగింది. లోపల ఏముందో చూద్దామని ఒక్కరికీ తోచలేదు. పైవాళ్లు దోచుకుంటున్నారని పల్లం వీధి తీర్మానించేసింది. ఇక కుళాయిల దగ్గర ప్రతిసారీ యుద్ధమే. జుట్లు పట్టుకున్నారు, చీరలు చింపుకున్నారు. ఒకావిడ బిందె విసిరితే ఇంకొకావిడ నొసలు చిట్లి, ఆ రక్తం కడుక్కోవడానికీ బోరు నీళ్లే దొరికాయి. పరంధామయ్య స్కూటర్ సీటును ఎవరో బ్లేడుతో చీల్చారు. ఆయన మనుషులు పల్లం వీధి కుళాయి మెడ విరగ్గొట్టిపోయారు. రాజదండం చూస్తూ ఊరుకుంది.

రవణమ్మ తప్పనిసరై బోరు దగ్గర పట్టుకొచ్చిన నీళ్లతో వండింది. సోడా వేస్తే పప్పు జిగురైంది, వేయకపోతే బద్దలు బద్దలుగా మిగిలింది. రోజూ వచ్చే మనిషొకడు ఆ పొట్లాన్ని ఆమె మొహాన కొట్టి, "గొడ్లకు పెట్టు" అని పోయాడు. బజారు మొదట్లో ఇంకో కర్రీ పాయింటు వెలిసింది. అలాంటి సమయంలో ఆమెకు ఒక గృహప్రవేశం భోజనాల్లో పప్పు చేసే పని దొరికింది. అది బాగా కుదిరితే కొట్టు నిలుస్తుంది, లేకపోతే తాళమే. దానికి ముందురోజు నీళ్ల రోజు. పొద్దున్నే డ్రమ్ముల ముందు కూర్చుంది. గంట దాటినా కుళాయి బుస్సుబుస్సుమని గాలి కక్కింది తప్ప చుక్క రాల్చలేదు.

ఆమె కొంగు దోపుకుని మెరకకు నడిచింది. వెనక మాల్యాద్రి, వాడి వెనక వీధి వీధంతా కదిలింది. పరంధామయ్య గోతి దగ్గర నన్ను పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏంది పెద్దాయనా, అసలు తిప్పారా లేదా?"

"తిప్పానమ్మాయ్. మీకు రాకపోతే నేనేం చెయ్యను?"

"మీ డ్రమ్ములు నిండితేగా మాకొచ్చేది!"

"నోరు మంచిదైతే ఊరు మంచిదవుద్ది. పద పద."

ఆ మాటతో మాల్యాద్రికి శివమెత్తింది. పరంధామయ్య చొక్కా పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. ఆయన కొడుకు మాల్యాద్రి వీపు మీద కర్రతో బాదాడు. అంతే, రెండు వీధులూ కలబడ్డాయి. ఎవరు ఎవర్ని కొడుతున్నారో కొట్టేవాళ్లకే తెలియలేదు. చెప్పులు లేచాయి, బిందెలు లేచాయి. ఒకాయన పన్ను ఊడి నా పక్కనే పడింది.

ఈ గందరగోళంలో రవణమ్మ పరంధామయ్య ఇంట్లోకి దూరింది. దాచుకున్న నీళ్లన్నీ కాలితో తన్ని పారబోద్దామని వెళ్లింది. మొదటి డ్రమ్మును తన్నింది. అది డొల్లగా మోగుతూ దొర్లిపోయింది. రెండోదీ అంతే. కుళాయి కింద బిందెలో అడుగున గుక్కెడు నీళ్లు. పొయ్యి మీద వాళ్ల పప్పు కూడా ఉడక్క బద్దలు తేలుతోంది. పెరటి మూలన గోతాం కింద కొనుక్కొచ్చిన నీళ్ల క్యాన్లు. వాల్వు తన చేతిలో ఉండి కూడా తనకే నీళ్లు రావడం లేదని చెప్పుకుంటే ప్రెసిడెంటు పరువేం కాను!

బయట మాల్యాద్రి నన్ను లాక్కున్నాడు. రెండు చేతులా ఎత్తాడు. కింద పడ్డ పరంధామయ్య తలకు గురి పెట్టాడు.

"ఆగయ్యో! వాళ్లింట్లోనూ లేవు! ఆయనకూ రావట్లా!"

రవణమ్మ అరుస్తూ వచ్చి, కుడిచెయ్యి పైకెత్తి మధ్యలో పడింది. నన్ను ఆపడం మాల్యాద్రి వల్ల కాలేదు. నేను ఎన్నో పైపులు విరిచాను, ఆ చప్పుడు నాకు కొత్త కాదు. కాని ఎముక చప్పుడు వేరు. రవణమ్మ వేలాడుతున్న తన చేతిని చూసుకుని, "పప్పెట్టా తిప్పేది రేపు?" అంది. మాల్యాద్రి నన్ను వదిలేసి ఆమె కాళ్ల దగ్గర కూలబడి గుండెలు బాదుకున్నాడు.

నన్ను పోలీసులు పట్టుకుపోయారు. నాలుగు రోజులకు మునిసిపాలిటీవాళ్లు గొయ్యి తవ్వి, పైపు కోసి, ఒక ముక్క కూడా స్టేషన్‌కు పంపారు. అది నా పక్కనే పడి ఉండేది. బయటికి బలిసిన పైపే. లోపల మాత్రం బోరు నీళ్ల ఉప్పు పొర మీద పొరగా గట్టిపడి, చిటికెన వేలు కూడా దూరని బొక్క మిగిలింది. అందరూ వెతికిన దొంగ వాళ్ల కాళ్ల కిందే ఉన్నాడు. వాణ్ని ఇంట్లోకి పిలిచింది వాళ్లే.

రవణమ్మ పెట్టిన సంతకంతో కేసు రాజీ అయింది. ఈ పానా ఎవరిదని పోలీసులు అడిగితే పరంధామయ్య తల తిప్పుకున్నాడు, మాల్యాద్రి నా వంక చూడనైనా చూడలేదు. రవణమ్మే ఎడమచేత్తో ఎత్తుకుని నన్ను ఇంటికి తీసుకుపోయింది.

గృహప్రవేశం వేరేవాళ్ల చేతికి పోయింది. కొట్టు మాత్రం మూతపడలేదు, వచ్చేవాళ్లలో సగం మంది మిగిలారు. కొత్త పైపు ఎవరి డబ్బుతో వేయాలన్న దాని మీద కాలనీలో ఇప్పుడు రెండు సంఘాలు తయారయ్యాయి. అందాకా బోరు దగ్గరికి పోయి బిందెలతో మోసుకొచ్చుకునే నీళ్లే. నేను పప్పు గుండిగ మూత మీద బరువుగా కూర్చున్నాను. పొంగిన నీళ్లు తగిలి నా పళ్ల సందుల్లో తెల్లటి ఉప్పు పేరుకుంటోంది, దవడ బిగుసుకుపోతోంది. పప్పుగుత్తి ఇప్పుడు మాల్యాద్రి తిప్పుతాడు. రవణమ్మ మణికట్టు వంకరగానే అతుక్కుంది.

మొన్న ఒకడు వచ్చి, పప్పు నోట్లో పెట్టుకుని తూ అని ఊశాడు. "ఉడకని పప్పు అమ్మడానికి సిగ్గు లేదంట్రా?" అన్నాడు. మాల్యాద్రి కళ్లు ఎర్రబడ్డాయి. చెయ్యి దానంతటదే వచ్చి నా పిడి మీద పడింది. ఆ పట్టు నాకు గుర్తే. రవణమ్మ తన వంకర చేతిని తెచ్చి మాల్యాద్రి చేతి మీద పెట్టింది. వాడు వేళ్లు వదిలేశాడు.

ఆమె వచ్చినవాడికి స్టూలు జరిపి, "కూర్చో నాయనా" అంది. తర్వాత మొగుడి వంక తిరిగి, "ఇంకో గంట ఉడకనీ" అంది.