ఓబులమ్మ చేలో ఆకుమచ్చ

నేను ఒక మొబైల్ ఫోన్‌ని. నన్ను బిగించినవాళ్ల ముఖాలు గుర్తులేవు. డబ్బాలో పెట్టి మూసేశారు, అంతే. మొదట ఒక ఎరువుల కొట్టాయన కొన్నాడు. నేను వస్తుందన్న వాన ఒక్కటీ రాలేదని తిట్టి అమ్మేశాడు. ఇప్పుడు అనంతపురం జిల్లాలో వ్యవసాయ పాలిటెక్నిక్ చదివే సుగుణవతి దగ్గరున్నాను.

విద్యార్థులు సగం ప్రశ్న టైపు చేస్తారు. మిగతా సగం నేనే పూర్తి చేయాలి. మొదట కనబడిన జవాబు రాసుకుంటారు. రెండోది చదివిన మహానుభావుణ్ణి ఇంతవరకు చూడలేదు. ఈమధ్య టైపు చేసే ఓపికా పోయింది. ఫొటో తీసి చెప్పమంటారు.

ఆ రోజు సుగుణవతి ఓబులమ్మ వేరుశనగ చేనికి వెళ్లింది. పంటకు పట్టింది ఏ తెగులో, ఏ పురుగో తేల్చి, రికార్డులో రైతు సంతకం తీసుకోవాలి. సాయంత్రంలోగా కాలేజీలో ఇవ్వకపోతే ఏడాది పోతుంది. ఓబులమ్మ అప్పటికే ఇద్దరు విద్యార్థులను సంతకం పెట్టకుండా ఉత్తచేతులతో పంపేసింది.

సుగుణవతి వంగనైనా వంగకుండా నాలుగు ఫొటోలు తీసింది. నాలుగింటికీ ఆకుమచ్చ తెగులన్నాను. మూడు మందులు కూడా చెప్పాను. రాసేసుకుంది.

ఓబులమ్మ ఒక ఆకు తెంపి ఆమె ముఖం ముందు పెట్టింది. "యాడుంది మే మచ్చ?"

"ఫోన్లో ఉందవ్వా."

"అట్లయితే నన్నూ తియ్యి."

తీసింది. ఓబులమ్మ బుగ్గ మీదా అదే మచ్చ!

"నాకూ తెగులే! నాకేం మందు కొడ్తావు మే?" ముసలమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది.

సుగుణవతి నన్ను తిప్పి చూసింది. ముందురోజు స్నేహితురాలి పెళ్లిలో గోరింటాకు తడి ఆరని చేతులతో ఫొటోలు తీసింది. ఆ చుక్క నా కెమెరా అద్దం మీద ఎండిపోయి ఉంది. నాకేం తెలుసు? నా కన్ను నేను చూసుకోగలనా?

సిగ్గుపడి, రాసిందంతా కొట్టేసి, నన్ను సంచిలో పడేసింది. ఇక నాకు మాటలే వినబడ్డాయి.

"కూకో. ఆకు అడుగున సూడు."

"ఆకులు ముడుచుకున్నాయవ్వా. జిగటగా ఉంది. చీమలు పారుతున్నాయి... నల్లగా, సన్నగా ఇవేంటివి? పేనుబంక! పేనుబంకే అవ్వా!"

"మూడు దినాల్నుంచి నేనూ అదే అనుకుంటాండా. సెప్పేది నువ్వా, ఆ పెట్టెనా అని సూసినా. ఇయ్యి, యాడ పెట్టల్ల సంతకం?"

కాగితం మీద పెన్ను నెమ్మదిగా, ఒక్కో అక్షరం దగ్గర ఆగి ఆగి నడిచింది. సుగుణవతి గట్టు మీద గంతులేసిందేమో, సంచిలో నేనూ ఎగిరిపడ్డాను.

ఆ అరగంటా నన్నెవరూ ఏమీ అడగలేదు. నోరుమూసుకుని విన్నాను. పుట్టి బుద్ధెరిగాక నేనొక విషయం నేర్చుకున్నది అప్పుడే.