వెనక స్పీకర్లో చినుకు

"ఏటి? గట్టిగా సెప్పు, ఇనపడదు."

పెళ్లయిన పదిహేడేళ్లలో మా ఆయన తిరుమలరావు నాతో ఎక్కువసార్లు అన్న మాట ఇదే. స్టీల్‌ప్లాంట్ రోలింగ్ మిల్లులో ఉద్యోగం. ఆ మోతకి చెవులు పోయాయని పెళ్లయిన కొత్తలోనే చెప్పాడు. నమ్మాను. నమ్మడమే కాదు, జాలిపడ్డాను. ఆదివారాలు ఆయన తల ఒళ్లో పెట్టుకుని వెల్లుల్లి వేసి కాచిన నూనె గోరువెచ్చగా చెవుల్లో పోసేదాన్ని. పిల్లాడు గుక్కపెట్టి ఏడిస్తే ఆయనకి వినపడదు కనక నేనే లేచేదాన్ని. కుక్కర్ కూతలు, కుళాయి నీళ్లు, తలుపు చప్పుడు, ఏవీ ఆయనకి వినపడలేదు. మూడేళ్ల కిందట మా అత్తగారు తుంటి విరిగి మంచాన పడ్డాక ఆవిడ పిలుపూ వినపడలేదు. అందుకే ఆవిడ మంచం పక్కన నేల మీద నా పక్క. రాత్రికి నాలుగుసార్లు బెడ్‌పాన్ పెట్టేది నేనే. ఆయనకి వినపడేలా మాట్లాడీ మాట్లాడీ నా గొంతు పెరిగిపోయింది. "మా కోడలి నోరు నాలుగు వీధులకి ఇనపడతాది" అని అత్తగారు వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంటుంది.

గాజువాకలో ఒక ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్ని. ఇన్‌చార్జి పోస్టు రెండుసార్లు నా దాకా వచ్చి పోయింది. నెలకో వారం నైట్ డ్యూటీ చెయ్యాలి మరి. "సేత్తే సెయ్యి, నానేటి వద్దన్నానా? రాత్రి అమ్మ పిలిత్తే నాకు ఇనపడదు కదా, అదీ" అన్నాడు రెండుసార్లూ. మూడోసారి అడుగుతూ మా పెద్ద మేడమ్ ఆశాజ్యోతిగారు, "ఆదివారం సాయంత్రంలోగా చెప్పు హిమబిందూ. లేదంటే వేరేవాళ్లకి ఇచ్చేస్తాను" అన్నారు. చెయ్యలేనని చెప్పడానికే సిద్ధపడి ఉన్నాను.

ఆ ఆదివారమే డాబాగార్డెన్స్‌లో హోమ్ థియేటర్ షాపుకి వెళ్లాం. ముందువైపు స్పీకర్లు పోయిన నెలే కొన్నాడు. ఇప్పుడు వెనకవైపు జత ఎంచాలి. చప్పుడు నాలుగు వైపుల నుంచీ వస్తే పాపం ఆయనకి బాగా వినపడుతుందేమోనని నేనూ అడ్డుచెప్పలేదు. ఎంచడానికి సాయం తన స్నేహితుడు నీలకంఠం. నన్ను తీసుకెళ్లింది హాలు కొలతలు రాసిన కాగితం నా బ్యాగులో ఉంది కాబట్టి. చీకటి గదిలో సోఫా మీద వాళ్లిద్దరూ కూర్చున్నారు. తలుపు దగ్గర స్టూలు మీద నేను.

"సెల్లెమ్మని కూడా అడుగు బావా" అన్నాడు నీలకంఠం.

"దానికేటి తెలుత్తాది? మా ఇంట్లో వూఫర్ అదే" అన్నాడు మా ఆయన. వూఫరంటే గది అదిరేలా మోగే పెద్ద స్పీకరు. షాపాయన కూడా నవ్వాడు.

వాన చప్పుడు పెట్టి మూడు జతలు మార్చి మార్చి వినిపించాడు షాపాయన. నాకు మూడూ ఒకటే వాన. మా ఆయన కళ్లు మూసుకుని, పొట్ట మీద చేతులు పెట్టుకుని వింటున్నాడు. ఉన్నట్టుండి చెయ్యెత్తాడు. "ఆపండాపండి. ఎనకాల ఎడంపక్క, రేకు మీద ఒక్క సినుకు పడతంది. మొదటి జతలో ఉంది. దీంట్లో లేదు."

షాపాయన సౌండు బాగా తగ్గించి మొదటి జతలో మళ్లీ మళ్లీ పెట్టాడు. ఊపిరి బిగబట్టి విన్నాను. మూడోసారికి నాకూ వినపడింది. నిజమే, ఒక్క చినుకు.

"వందమందిలో ఒకరు పట్టరు సార్ ఇది. చెవులంటే మీవి!"

"సిన్నప్పట్నుంచీ అంతే నాకు" అన్నాడు మా ఆయన సిగ్గుపడుతూ. "సీమ నడిసినా ఇనపడిపోతాది."

కోపం వస్తే బాగుండేది, అరిచి ఊరుకునేదాన్ని. అసహ్యం వేసింది. వెంటనే చేతులు కడుక్కోవాలనిపించింది, ఆ నూనె ఇంకా వేళ్లకి ఉన్నట్టు. బాబు జ్వరంతో ఏడ్చినప్పుడల్లా ఈయన అటు తిరిగి పడుకోవడం గుర్తొచ్చింది. వినపడనివాడు అటెందుకు తిరుగుతాడు? ఈ మాట పదిహేడేళ్లలో ఒక్కసారీ నాకు తట్టలేదు. కన్నతల్లి తడిసిన దుప్పట్లో పిలుస్తుంటే, పక్కగదిలో మెలకువగా పడుకుని, నేను లేచిన అలికిడి దాకా విని, అప్పుడు నిద్రపోయాడన్నమాట. పైగా నా గొంతు మీద జోకులు. ఆయన మీద పుట్టిన రోత కొంచెం నా మీదకీ వచ్చింది. జాలిపడ్డానే, అందుకు.

"ఈసారి తుఫాను పెట్టండి, ఫుల్ సౌండు" అంటున్నాడు. గది అదిరిపోయేలా ఉరుములు మొదలయ్యాయి. నేను తలుపు వైపు తిరిగి, ఆశాజ్యోతిగారికి ఫోన్ చేసి, చెయ్యి అడ్డం పెట్టుకుని, "నేను చేస్తాను మేడమ్. రేపట్నుంచే నైట్‌లో వెయ్యండి" అన్నాను. నా మాట ఎంత చిన్నగా ఉందంటే ఆవిడే రెండుసార్లు అడిగారు.

ఉరుముల మధ్యలోంచి మా ఆయన తల ఇటు తిరిగింది.

"నైటేటి? రాత్రి అమ్మ పిలిత్తే ఎవులికి ఇనపడతాది?"

నీలకంఠం ఆయన వంక చూశాడు, నా వంక చూశాడు. నేను గొంతు పెంచలేదు.

"మీకే" అన్నాను.