తండా చర్చిలో తర్జుమా

పాస్టర్ జీవన్ తెలుగులో ఒక మాట చెప్పి ఆగుతాడు. సురేందర్ దాన్ని లంబాడీలో చెబుతాడు. బయ్యారం దగ్గరి ఆ తండాలో, రేకుల చర్చిలో, ప్రతి ఆదివారం వాక్యం ఇలాగే నడుస్తుంది. ముందు వరుసలో కూర్చునే ముసలివాళ్లకు తెలుగు అంతగా రాదు. పాస్టర్‌కు లంబాడీ అసలే రాదు.

ఆ ఆదివారం సురేందర్ తన తల్లి సక్రికి ఒక మాట చెప్పాలని నిశ్చయించుకున్నాడు. తనూ, చర్చిలో డోలక్ వాయించే కుర్రాడు దేవ్యా ఒకరినొకరు ఇష్టపడుతున్నారని. ఆ ధైర్యం టీవీ ఇచ్చింది. తండా అంతా చూసే సీరియల్లో ఇద్దరు మగపిల్లలు ప్రేమించుకున్నారు. వాళ్లలో ఒకణ్ని తండ్రి కొట్టి ఇంట్లోంచి గెంటిన రోజు సక్రి కొంగుతో కళ్లు తుడుచుకుంది. "పాపం, వాడు ఎవలకేం చేసిండు?" అంది.

పొద్దున చర్చికి బయల్దేరుతూ సురేందర్, "నీతోని ఒక ముచ్చటున్నది యాడీ, ప్రార్థన అయినంక చెప్త," అన్నాడు. యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ.

ప్రసంగంలో పాస్టర్ కూడా ఆ సీరియల్ సంగతే ఎత్తుకున్నాడు.

"గా సీరియల్ జూసి ఏడ్చినోళ్లు చేతులెత్తుండ్రి."

సురేందర్ చెప్పాడు. చేతులు లేచాయి. వాటిలో సక్రిదీ ఉంది.

"సైతాను కోసం ఏడ్చిండ్రు," అన్నాడు పాస్టర్. "ఇంట్ల మొగడు జరమొచ్చి పడుకున్నప్పుడు గన్ని కన్నీళ్లు రాలేదు గద." ఆడవాళ్లు నవ్వారు.

అతను బైబిల్ తెరిచాడు. మగవాడు మగవాడితో పడుకుంటే ఇద్దరూ చావాల్సిందేనని లేవీయకాండంలో ఉందని చెప్పి, ఆగాడు.

సురేందర్ లంబాడీలో అన్నాడు: "అట్లాంటోళ్లను జూసి దేవుడు బాధపడుతడు."

రెండు భాషలూ వచ్చిన కుర్రాళ్లు ఆ తేడా పట్టించుకోరు. సంతలో కూరగాయలమ్మే సక్రికి తెలుగు బాగా వచ్చు. కానీ తల్లి నలుగురిలో కొడుకు తప్పు ఎత్తిచూపదనుకున్నాడు.

సక్రి లేచి నిలబడింది.

"అయ్యగారు గట్లనలే," అంది తెలుగులోనే. "చావాలన్నడు. సరిగ చెప్పు బిడ్డా. దేవుని మాట తగ్గిస్తే పాపం నీకు తగుల్తది."

"మంచిగ చెప్పినవమ్మా," అన్నాడు పాస్టర్. "ఉన్నదున్నట్టు చెప్పు తమ్ముడూ."

సురేందర్ చెప్పాడు. ముసలివాళ్లు వినపడలేదన్నారు. మళ్లీ చెప్పాడు.

కఠినమైన వాక్యం వచ్చినప్పుడు లేచి నిలబడి ఆమేన్ అనడం ఆ చర్చి పద్ధతి. అందరూ లేచారు. దేవ్యా డోలక్ పక్కన పెట్టి లేచాడు. సురేందర్ వైపు చూడకుండా ఆమేన్ అన్నాడు.

ప్రార్థన అయ్యాక గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటూ సక్రి అడిగింది. "ఏందో ముచ్చటంటివి?"

"చెప్పిన గద యాడీ. అందరి ముంగట నువ్వే చెప్పించినవ్."

సక్రి చెప్పులు వదిలేసి కొడుకును చూసింది.

"రెండోటోడు ఎవడు?"

లోపల దేవ్యా డోలక్‌కు గుడ్డ చుడుతున్నాడు. కొడుకు చూపు అటు పోవడం తల్లి గమనించింది.

ఆమె తిరిగి లోపలికి నడిచి పాస్టర్ ముందు చేతులు కట్టుకుని నిలబడింది.

"అయ్యగారూ, వచ్చే ఆదివారం నుంచి మా భాషల చెప్పనీకి వేరేటోన్ని జూసుకోండ్రి. డోలక్‌కు గూడ."