నీ కూతురేనా?

ఫోను మోగేసరికి అతను సెలూన్లో ఒకాయన గడ్డానికి నురగ పట్టిస్తున్నాడు.

"ఈరోజు రావాల్సినవాళ్లు రావట్లేదండీ. మధ్యాహ్నం లోపు మీ పాపను తీసుకురాగలరా? లేదంటే మళ్లీ మీ వంతు ఎప్పుడొస్తుందో చెప్పలేం" అంది అవతలి గొంతు.

ఏడాదిగా ఎదురుచూసిన పిలుపు.

గువ్వ అని ముద్దుగా పిలుచుకునే కూతురికి నాలుగేళ్లు. ఇంకా మాట రాలేదు, పిలిస్తే తిరిగి చూడదు. "నీకూ ఆలస్యంగానే వచ్చాయిరా మాటలు" అని అతని తల్లి కొట్టిపారేసేది. భార్య ఊరుకోలేదు. ప్రైవేటు క్లినిక్కులో ఆటిజం పరీక్షకు ఎంతవుతుందో విని ఇద్దరూ మొహమొహాలు చూసుకుని బయటికొచ్చేశారు. అప్పుడు అక్క ఎక్కడో వాకబు చేసి చెప్పింది. ఒక కాలేజీలో ఇలాంటి పిల్లల గురించి చదువుకునేవాళ్లే పరీక్ష చేస్తారట, ప్రొఫెసరమ్మ దగ్గరుండి చూసుకుంటుందట, ఫీజు నామమాత్రమట. వెంటనే పేరు రాయించారు.

గడ్డం పనిని పక్క కుర్చీ అతనికి అప్పగించి ఇంటికి పరిగెత్తాడు. భార్య బేకరీలో ఉంది, పనిలో ఉండగా ఫోను దగ్గర పెట్టుకోనివ్వరు. అమ్మ దగ్గర ఆడుకుంటున్న గువ్వను ఎత్తుకుని ఒక్కడే బస్సెక్కాడు.

కాస్త దూరం బాగానే సాగింది. ముందు రోడ్డు తవ్వేసి ఉండటంతో బస్సు ఒక సందులోకి మళ్లింది. గువ్వకు తెలిసిన దారి కాదది. ఒక్కసారిగా కెవ్వుమంది. తల కిటికీకేసి కొట్టుకోబోతే అతను గట్టిగా ఒళ్లోకి లాక్కున్నాడు. అది ఇంకా గింజుకుంది, అతని చెంప రక్కేసింది.

"ఎందుకయ్యా పిల్లనలా నొక్కేస్తున్నావు?" ముందు సీట్లోని కళ్లజోడావిడ వెనక్కి తిరిగింది.

"భయపడిందండీ. కాసేపట్లో సర్దుకుంటుంది."

ఆవిడ అతన్ని ఎగాదిగా చూసింది. "నీ కూతురేనా?"

"నా కూతురేనండీ."

"పాపా, ఇటు చూడమ్మా. ఈయన మీ నాన్నేనా?"

గువ్వ చూడలేదు. అసలు విన్నట్టే లేదు. అతని చేతుల్లోంచి జారిపోవాలని కాళ్లు తపతపా కొట్టుకుంటోంది. అతను ఫోను తీసి ఫొటోలు చూపించాడు.

"ఫొటోలు ఎవరైనా తీసుకోవచ్చు" అన్నాడు వెనకనుంచి ఒకాయన. "డ్రైవరు గారూ, బస్సు పక్కకు ఆపండి. పోలీసుల్ని పిలుద్దాం."

బస్సాగింది. తలుపు తెరుచుకోలేదు.

పోలీసులొస్తే ఇవాళ్టి పరీక్ష పోయినట్టే. కానీ అంతకంటే పెద్ద భయం ఒకటి పట్టుకుంది. రేపెప్పుడైనా నిజంగానే ఎవడో దీన్ని ఎత్తుకుపోతుంటే, అప్పుడూ ఇలాగే ఎవరో అడుగుతారు. అప్పుడూ ఇది ఇలాగే, ఏ జవాబూ చెప్పకుండా ఏడుస్తుంది. వాడు మా నాన్న కాదని చెప్పలేకపోతుంది.

సీట్ల మధ్య కింద కూలబడ్డాడు. చుట్టూ ఎవరున్నారో చూడటం మానేశాడు. గువ్వను గుండెకు అదుముకుని, గొంతులోంచి సన్నగా, సెలూన్లో ట్రిమ్మరు చేసే మోత తీశాడు. దానికి ఆ జుమ్మనే శబ్దమంటే ప్రాణం. చాలాసేపు ఏ మార్పూ లేదు. ఊపిరందక ఆపి మళ్లీ మొదలెట్టాడు. మెల్లగా కాళ్లు కొట్టుకోవడం తగ్గింది. గువ్వ చెవిని అతని గొంతుకు ఆనించి, చొక్కా గుండీ వేళ్లతో పట్టుకుని, ఎక్కిళ్లు పెడుతూ అలాగే ఉండిపోయింది.

కండక్టరమ్మ వంగి చూసింది. "కన్నవాడి దగ్గర కాకపోతే పిల్ల అలా ఒదుగుతుందా? పోనివ్వండి డ్రైవరు గారూ."

దిగేటప్పుడు కళ్లజోడావిడ అతని సంచి అందించింది. అతనికి ఆవిడ మీద కోపం రాలేదు. ఆ ఎత్తుకుపోయేవాడి బస్సులో కూడా ఇలాంటావిడ ఒకరుండాలి అనుకున్నాడు.

కాలేజీకి ఆలస్యంగా చేరారు. రక్కిన చెంప, చెదిరిన జుట్టు చూసి ప్రొఫెసరమ్మ కారణం అడక్కుండా లోపలికి రమ్మంది. చదువుకునే అమ్మాయి ఒకతె నేలమీద కూర్చుని సబ్బు బుడగలు ఊదింది, బొమ్మలు దాచింది, పేరు పెట్టి పిలిచింది. పిలిచినప్పుడల్లా అతను ఊపిరి బిగబట్టి, తిరుగు తల్లీ, ఒక్కసారి తిరుగు అని లోపల్లోపల బతిమాలుకున్నాడు. గువ్వ తిరగలేదు.

"ఆటిజమేనండీ" అంది చివరికి ప్రొఫెసరమ్మ. "మీ పెంపకంలో లోపమేం లేదు."

"నాన్నా అంటుందా మేడమ్?"

"అంటుందో లేదో ఇప్పుడే చెప్పలేను. కానీ నోటితో కాకపోయినా, బొమ్మ చూపించో, సైగ చేసో, కావాలి, వద్దు అని చెప్పడం నేర్పిస్తాం. వారం వారం తీసుకురండి, ఇక్కడే నేర్పుతారు."

"వద్దు అనేది ముందు నేర్పండి" అన్నాడతను.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. కాసేపటికి బేకరీ నుంచి భార్య ఫోను చేసింది. భోజన విరామంలో ఇంటికి ఫోను చేస్తే అత్తయ్య చెప్పారట.

"ఏమన్నారు?"

అతను ఆ మాట చెప్పాడు. అవతల ముక్కు ఎగబీల్చిన శబ్దం.

"ఏమైనా తిన్నదా?"

"బిస్కెట్లు తిన్నది."

"నువ్వు?"

"లేదు" అన్నాడు. గువ్వ మెట్టు దిగబోతుంటే చటుక్కున చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వు పర్మిషన్ అడిగి వచ్చెయ్. ముగ్గురం కలిసి వెళ్దాం. ఒక్కడినీ బస్సెక్కలేను."